నైట్రస్ కారుకు పెట్రోల్ ఎలా అందించాలి: భీమవరం హోండా సిటీ కేసు

మే నెలాఖరులో ఒక హోండా సిటీని తాడు కట్టి మా షెడ్డుకి లాక్కొచ్చారు. 2002 మోడల్, 1.5 వీటెక్. కంపెనీ లెక్క ప్రకారం 106 హార్స్‌పవర్ ఇంజిన్. యజమాని ఆకివీడు వైపు రొయ్యల చెరువులు చేసే కుర్రాడు. చెన్నై దగ్గర ట్రాక్ మీద డ్రాగ్ పరుగుల (తిన్నని దారిలో వేగం పందేల) కోసం వేరే ఊళ్ళో 35 హార్స్‌పవర్ నైట్రస్ కిట్ (ఇంజిన్‌లోకి నైట్రస్ ఆక్సైడ్ గ్యాసు వదిలి అంత పవర్ అదనంగా ఇచ్చేది) పెట్టించుకున్నాడు. మొదటి మూడు పరుగులు బాగానే వెళ్ళాయట. నాలుగో పరుగులో ఇంజిన్ ఒక్కసారిగా గరగరలాడి, సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది.

"నైట్రస్ ఇంజిన్‌ని తినేసింది బాబాయ్" అన్నాడు. పక్కనే ఉన్న వాళ్ళ నాన్నగారు, "ఆ గ్యాసు పీకేసి బండి మామూలుగా చేసి ఇచ్చేయండి మేస్త్రీ గారూ" అన్నారు. నేను ఇద్దరికీ ఒకటే చెప్పాను. ముందు విప్పి చూద్దాం, ఏం జరిగిందో తేలాక ఏది పీకాలో ఆలోచిద్దాం.

కంప్రెషన్ పెడితే నాలుగు సిలిండర్లలో మూడు 175 నుంచి 180 పీఎస్ఐ మధ్య ఉన్నాయి. మూడో నంబరు సిలిండర్ మాత్రం 60. హెడ్ విప్పితే మూడో పిస్టన్‌లో రెండు రింగుల మధ్య గట్టు విరిగి ఉంది. పిస్టన్ పైఅంచు ఇసుక కొట్టినట్టు గుంటలు గుంటలుగా ఉంది. ప్లగ్గు పింగాణీ మీద అల్యూమినియం చుక్కలు. ఇవన్నీ గట్టిగా నాకింగ్ జరిగిందనడానికి గుర్తులు. అంటే మంట కావలసిన దానికంటే వేడిగా, అదుపు లేకుండా రేగింది. నైట్రస్ బండిలో అలా జరిగిందంటే నేను మొదట అనుమానించేది పెట్రోల్ చాలకపోవడాన్నే.

నైట్రస్ దానంతట అది మండే గ్యాసు కాదు. సుమారు 300 డిగ్రీల వేడికి అది విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. బరువులో చూస్తే గాలిలో ఆక్సిజన్ 23 శాతం ఉంటే, నైట్రస్‌లో 36 శాతం. ఆ అదనపు ఆక్సిజన్‌తో అదనంగా పెట్రోల్ కాల్చగలం. పవర్ వచ్చేది ఆ పెట్రోల్ నుంచే. గ్యాసు వచ్చి పెట్రోల్ రాకపోతే మిగిలిన ఆక్సిజన్ పిస్టన్ మీద పడుతుంది. అందుకే నైట్రస్ పని అంటే నా దృష్టిలో ముప్పాతిక వంతు పెట్రోల్ సరఫరా పని. బాటిల్, సోలనాయిడ్లు (కరెంటుతో తెరుచుకునే వాల్వులు), మెరిసే పైపులు ఎవరైనా బిగించగలరు.

చట్టం సంగతి ముందే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. కాబట్టి నేను పెట్టిన షరతు ఇది: రోడ్డు మీద తిరిగేటప్పుడు బాటిల్, నాజిల్, సోలనాయిడ్లు అన్నీ విప్పి షెడ్డులో ఉంటాయి, బ్రాకెట్లు కూడా బోల్టులతోనే బిగుస్తాయి, నైట్రస్ నడిచేది ట్రాక్ మీదే. కుర్రాడు ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాను. బాటిల్‌కి పెసో (గ్యాసు సిలిండర్లకి అనుమతిచ్చే కేంద్ర సంస్థ) ఆమోదం ఉందా లేదా అన్నది కూడా ఆ రోజే చూశాను.

ఇక కొలతలు. ఇంజిన్ విప్పేసి ఉన్నా పెట్రోల్ లైను మొత్తాన్ని పరీక్షించవచ్చు. చాలామంది ఇంజిన్ కట్టాక రోడ్డెక్కి చూద్దాం అంటారు. అలా చేస్తే లోపం మిగిలి ఉంటే ఇంకో పిస్టన్ పోతుంది.

ముందు ఎంత పెట్రోల్ కావాలో లెక్క వేశాను. ఒక హార్స్‌పవర్‌కి గంటకు అర పౌండు పెట్రోల్ అనేది పాత లెక్క, ఈ రకం ఇంజిన్లకు బాగానే సరిపోతుంది. 106 హార్స్‌పవర్‌కి గంటకు 53 పౌండ్లు, అంటే 24 కిలోలు, సుమారు 32 లీటర్లు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 కాబట్టి దానికి ఇంకో ఎనిమిది శాతం కలపాలి. మామూలు పెట్రోల్‌కి కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఎక్కువ పెట్రోల్ పొయ్యాలి. అలా ఇంజిన్‌కి గంటకు 35 లీటర్లు. నైట్రస్ వాటా చల్లగా మండడానికి కాస్త రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువ ఉండేలా, పెడతాం కాబట్టి 35 హార్స్‌పవర్‌కి గంటకు 14 లీటర్లు వేశాను. మొత్తం 49.

తర్వాత పంపు ఎంత ఇస్తోందో చూడాలి. ట్యాంకులో సగం పెట్రోల్ పోసి, పంపుని అరగంట తిప్పి వేడెక్కనిచ్చి, చివర రెగ్యులేటర్‌తో 3 బార్ ఒత్తిడి నిలబెట్టి, 30 సెకన్లు కొలత గ్లాసులోకి పట్టాను. బ్యాటరీ దగ్గర ఛార్జర్ పెట్టి 13.9 వోల్టులు నిలిపాను. వచ్చింది 310 మిల్లీలీటర్లు, అంటే గంటకు 37 లీటర్లు.

ఇంజిన్ ఒక్కదానికే 35 కావాలి, పంపు 37 ఇస్తోంది. అందుకే నైట్రస్ లేనప్పుడు బండి పరిగెత్తింది, ఎవరికీ అనుమానం రాలేదు.

పంపు పాతబడిందనుకుని మార్చేయబోయాను. చెయ్యి పెట్టే ముందు పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజ్ చూస్తే 11.0 ఉంది. బ్యాటరీ దగ్గర 13.9, పంపు దగ్గర 11. దారిలో 2.9 వోల్టులు ఎటు పోయాయి? వెనక సీటు కింద ఎర్త్ వైరు తగిలించిన చోట ఒక్కదగ్గరే 1.1 వోల్టులు పోతున్నాయి. బోల్టు కింద అంతా పచ్చగా చిలుం. మిగిలింది రిలే కాళ్ళలో, మధ్య కనెక్టర్లలో. మన డెల్టాలో తిరిగే బండ్లలో ఇది ప్రతి వారం చూస్తాను. చెరువు గట్ల మీద నిలిపే బండ్లు, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లు, ఏ ఎర్త్ విప్పినా లోపల చిలుమే. లైటు మసకగా వెలిగితే మనకి కంటికి కనిపిస్తుంది. పంపు నీరసంగా తిరిగితే కనిపించదు.

అదే పంపుకి బ్యాటరీ నుంచి నేరుగా వైరు ఇచ్చి 13.6 వోల్టులు అందిస్తే 30 సెకన్లకు 530 మిల్లీలీటర్లు ఇచ్చింది. గంటకు దాదాపు 64 లీటర్లు. పంపు చావలేదు, దానికి అందాల్సిన కరెంటు దారిలోనే పోతోంది.

ఇంకొక పరీక్ష చేశాను, ఇది నాకు చాలా నమ్మకమైనది. పాత వైరింగ్‌తోనే రైలు (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం) నుంచి ఒక వాల్వు ద్వారా గంటకు 35 లీటర్లు బయటికి వదిలాను, అంటే ఇంజిన్ తాగుతున్నట్టు. అప్పుడు నైట్రస్ కిట్ పెట్రోల్ సోలనాయిడ్ తెరిచాను. 3.0 బార్ మీద నిలబడ్డ ముల్లు 2.2కి పడింది. జెట్టు (కొలత ప్రకారం పెట్టిన సన్న రంధ్రం) గుండా ప్రవాహం ఒత్తిడి వర్గమూలంతో మారుతుంది కాబట్టి 14 శాతం పెట్రోల్ తగ్గినట్టు. నైట్రస్ నాజిల్‌కే కాదు, ఇంజెక్టర్లు పోసే పెట్రోల్‌కి కూడా అదే 14 శాతం కోత.

ఈ పాటికి కుర్రాడు ఫోన్‌లో ఆ రోజు తీసిన వీడియో చూపించాడు. బాటిల్ గేజ్ 1,200 పీఎస్ఐ చూపిస్తోంది. బాటిల్ పొద్దున్నించీ డిక్కీలోనే ఎండలో ఉంది. రోహిణీ కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు, మూసిన డిక్కీ సంగతి చెప్పేదేముంది. ఏ జెట్లు వెయ్యాలో చెప్పే కిట్ చార్టులు రాసేది 900 నుంచి 950 పీఎస్ఐ దగ్గర. 30 డిగ్రీల దగ్గర నైట్రస్ ఒత్తిడి 63 బార్, అంటే సుమారు 915 పీఎస్ఐ. 36.4 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండనే ఉండదు, ఆపైన ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. 950 బదులు 1,200 ఉంటే గ్యాసు సుమారు 12 శాతం ఎక్కువ పోతుంది. ఈ కిట్లతో బాటిల్ హీటర్ ఇస్తారు, చలిదేశాల వాళ్ళకది అవసరం. మనకి కావలసింది దానికి సరిగ్గా తిరగేసిన ఏర్పాటు.

పాత జెట్లతో అసలు నిష్పత్తి ఎంతో చూడటానికి రొయ్యల కౌంట్ తూచే ఎలక్ట్రానిక్ కాటా తెప్పించాను. బాటిల్‌ని తూచి, షెడ్డు బయట ఖాళీ స్థలంలో పది సెకన్లు గ్యాసు వదిలి, మళ్ళీ తూచాను. 950 పీఎస్ఐ దగ్గర 160 గ్రాములు తగ్గింది, సెకనుకి 16. 3 బార్ దగ్గర పెట్రోల్ సెకనుకి 2.9 గ్రాములు. అంటే 5.5 వంతుల గ్యాసుకి ఒక వంతు పెట్రోల్. ఇక ట్రాక్ మీద జరిగినట్టు గ్యాసు 12 శాతం పెంచి, పెట్రోల్ 14 శాతం తగ్గించి చూస్తే 7.2 అవుతుంది. దానికి తోడు కిట్ చార్టు రాసింది ఇథనాల్ లేని పెట్రోల్‌కి. ఒక్కొక్క తప్పు విడిగా ఉంటే ఇంజిన్ బహుశా తట్టుకునేది. ఎండ, చిలుం, ఈ20 మూడూ ఒకేవైపు లాగాయి. మొదట కిట్ బిగించినవాళ్ళు చార్టులో ఉన్న జెట్లే వేశారు, పంపు దగ్గర వోల్టేజ్ చూడలేదు.

కారణం తేలింది. ఇప్పుడు ఏ ఏర్పాటు పెట్టాలి?

కుర్రాడి మనసులో ఒకటి ఉంది: డిక్కీలో నైట్రస్ కోసం విడిగా చిన్న పెట్రోల్ ట్యాంకు, దానికి వేరే పంపు, వేరే రెగ్యులేటర్. బెంగళూరులో తన స్నేహితుడి బండికి అలాగే ఉందట. ఇది చెడ్డ పద్ధతేం కాదు. పెద్ద షాట్లకి (నైట్రస్ అదనంగా ఇచ్చే పవర్‌ని షాట్ అంటాం), 75, 100 హార్స్‌పవర్ దాటితే, నేనూ అదే చెప్తాను. ఇంజిన్ పెట్రోల్‌తో సంబంధం లేకుండా ఒత్తిడి నిలకడగా ఉంటుంది. ఆ చిన్న ట్యాంకులో ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ (నాకింగ్‌ని ఎక్కువ తట్టుకునేది) పోసుకోవచ్చు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన 100 ఆక్టేన్ పెట్రోల్ అలాంటి వాటికి పనికొస్తుంది. కానీ దాన్ని డబ్బాల్లో హైదరాబాద్ నుంచి మోసుకు రావడం నాకు ఇష్టం లేదు.

నేను వద్దన్నది వేరే కారణాలకి. ఈ కారు ఆదివారం ట్రాక్ మీద ఉంటే సోమవారం ఇంట్లోవాళ్ళని ద్వారకా తిరుమల తీసుకెళ్తుంది. వెనక సీటుకి అటువైపు పెట్రోల్ ట్యాంకు పెట్టి, వాళ్ళ అమ్మగారిని దాని ముందు కూర్చోబెట్టడం నాకు మనస్కరించలేదు. అమర్చేటప్పుడు ఎంత బాగా బిగించినా కీళ్ళు, పైపులు, గాలి గొట్టం అన్నీ పాతబడతాయి, పెట్రోల్ ఆవిరి కారు లోపలికి వస్తుంది. రెండోది, ఆ ట్యాంకు నింపడం మర్చిపోతే ఇంజిన్ మళ్ళీ పోతుంది. అందులో రెండు నెలలు నిలవున్న ఈ20 మన తేమకి నీళ్ళు పీల్చుకుంటుంది. నీళ్ళు మితి దాటితే ఇథనాల్, నీళ్ళు కలిసి అడుగున విడిగా దిగిపోతాయి. చిన్న ట్యాంకులో పంపు పీల్చేది ఆ అడుగునుంచే.

డ్రై పద్ధతి, అంటే అదనపు పెట్రోల్‌ని కూడా కారు ఇంజెక్టర్లతోనే పోయించడం, తేలిగ్గా పక్కన పెట్టాను. బెంచ్ మీద ఈ ఇంజెక్టర్లు ఒక్కోటి నిమిషానికి 235 సీసీ ఇచ్చాయి. గంటకు 49 లీటర్లని నాలుగు ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోటి నిమిషానికి 204 సీసీ. 87 శాతం సేపు తెరిచే ఉండాలి. పాత ఇంజెక్టర్లని ఆ అంచు మీద నడపను. పైగా ఈ బండి ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) పెట్రోల్ లెక్కల మ్యాప్ మార్చే వీలు లేదు.

ట్యాంకులో పెద్ద పంపు, ఆ గంటకు 255 లీటర్లవి, చాలామంది కళ్ళు మూసుకుని వేసేస్తారు. ఈ కారుకి రిటర్న్ పైపు సన్నం. అంత పెట్రోల్ తిరిగి ట్యాంకులోకి పోలేక, ఐడిలింగ్‌లో రైలు ఒత్తిడి పైకి లేస్తుంది. ఇంజిన్ వేడి తగిలిన పెట్రోల్ రోజంతా ట్యాంకులోకి తిరుగుతూ ఉంటే వేసవిలో ట్యాంకు ఉడుకుతుంది, పంపు దగ్గర ఆవిరి బుడగలు పుడతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో ఆ బెడద ఇంకొంచెం ఎక్కువ. నాలుగింతలు పెద్ద పంపు వేస్తే భద్రత నాలుగింతలు అవుతుందనుకోవడం పొరపాటు.

చివరికి ఎంచుకున్నది ఇది. ట్యాంకులో అదే సైజు తరగతి కొత్త పంపు. బ్యాటరీ నుంచి ఫ్యూజ్, రిలే పెట్టి నేరుగా పంపుకి మందపాటి వైరు, పాత పంపు వైరు ఆ రిలేని కొట్టడానికి మాత్రమే. ఎర్త్ కూడా వెనక బాడీ మీద వదలకుండా బ్యాటరీ దాకా తెచ్చాను. ప్రతి కనెక్షన్ టంకం వేసి, జిగురు లోపల ఉండే ష్రింక్ తొడుగు వేశాను. ఈ వైరింగ్‌కి అయిన ఖర్చు పంపు ఖరీదులో సగం కూడా లేదు. కొత్త పంపు 13.6 వోల్టుల దగ్గర, వేడి పెట్రోల్‌తో, 30 సెకన్లకి 870 మిల్లీలీటర్లు ఇచ్చింది. గంటకు 104 లీటర్లు. కావలసిన 49కి రెట్టింపు పైచిలుకు, కానీ రిటర్న్ పైపు మోయగలిగినంతే. వాల్వుతో అదే నకిలీ పరీక్ష మళ్ళీ చేస్తే ముల్లు 3.0 నుంచి 2.95కి కదిలి ఆగింది.

నైట్రస్ నాజిల్‌కి పెట్రోల్ రైలు నుంచే తీశాను. పెట్రోల్ జెట్టు ఒక సైజు పెంచి, 15 సెకన్లకి 64 మిల్లీలీటర్లు వచ్చేదాకా మార్చాను. సెకనుకి 3.2 గ్రాములు. గ్యాసు 16, పెట్రోల్ 3.2, నిష్పత్తి 5. జెట్టు మీద అంకె రంధ్రం వ్యాసం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. ఆ అంకెని నమ్మకుండా గ్లాసులో పట్టి చూడటం నా అలవాటు. కీళ్ళకి టెఫ్లాన్ టేపు వాడలేదు, దాని పోగులు ఊడి జెట్టులో అడ్డుపడతాయి.

బాటిల్‌కి ఒత్తిడి స్విచ్ పెట్టాను, 1,050 పీఎస్ఐ దాటితే సోలనాయిడ్లు తెరుచుకోవు. పెట్రోల్ లైనులో ఇంకో స్విచ్, 2.6 బార్ కంటే పడితే గ్యాసు ఆగిపోతుంది. పూర్తిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడే, 3,500 నుంచి 6,500 ఆర్‌పీఎమ్ మధ్యే నైట్రస్ పనిచేస్తుంది. ఇగ్నిషన్ టైమింగ్ 2 డిగ్రీలు వెనక్కి, ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి. ట్రాక్ దగ్గర బాటిల్‌ని డిక్కీలో ఉంచకుండా తడి గోనె సంచి చుట్టి, ఐస్ డబ్బా పక్కన నీడలో పెట్టమన్నాను. భీమవరం కుర్రాడికి ఐస్ ఎక్కడ దొరుకుతుందో నేను చెప్పక్కర్లేదు, రోజూ రొయ్యలకి టన్నులకొద్దీ కొంటాడు.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. ఇంజిన్ కట్టి, వెయ్యి కిలోమీటర్లు మామూలుగా తిప్పాక హైదరాబాద్‌లో డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టాం. నైట్రస్ లేకుండా చక్రాల దగ్గర 84 హార్స్‌పవర్. మొదటి నైట్రస్ పరుగు బాగుంది. రెండో పరుగులో వైడ్‌బ్యాండ్ మీటరు (గాలి, పెట్రోల్ నిష్పత్తి చూపించేది) లీన్ వైపు, అంటే పెట్రోల్ తక్కువ వైపు, జరగడం చూసి ఆపరేటర్‌ని వెంటనే ఆపమన్నాను. పెట్రోల్ ఒత్తిడి మాత్రం 2.95 దగ్గర స్థిరంగా ఉంది, నా స్విచ్ కూడా ఏమీ పట్టుకోలేదు. సోలనాయిడ్ మూతిలో ఉండే సన్నటి జల్లెడ విప్పితే నల్లటి రబ్బరు నలుసులు. కొత్త పంపు వేసినప్పుడు ట్యాంకు దగ్గర రెండు గొట్టాలు మార్చాను కానీ, ఇంజిన్ దగ్గర రెండు దశాబ్దాల నాటి చిన్న గొట్టం ముక్కని చూడ్డానికి బాగానే ఉందని వదిలేశాను. ఈ20కి అది లోపలి నుంచి ఉబ్బి రాలుతోంది. స్విచ్ జల్లెడకి ముందు ఉంది కాబట్టి దానికి ఒత్తిడి సరిగ్గానే కనిపించింది, అవతల పెట్రోల్ తగ్గిపోతున్నా.

అప్పటికప్పుడు అక్కడే రైలు దాకా ఉన్న ప్రతి గొట్టం ఇథనాల్‌కి తట్టుకునే రకానికి మార్చాం. సోలనాయిడ్‌కి ముందు విడి ఫిల్టర్ పెట్టి, స్విచ్‌ని ఆ ఫిల్టర్‌కీ సోలనాయిడ్‌కీ మధ్యకి జరిపాను. ఇప్పుడు ఫిల్టర్ మూసుకుపోతే స్విచ్‌కి తెలుస్తుంది. సోలనాయిడ్ లోపలి జల్లెడని ప్రతి ట్రాక్ రోజుకి ముందు విప్పి కడగాలి, దానికి వేరే దారి లేదు. ఆ రోజు వైడ్‌బ్యాండ్ లేకపోతే నా చేతుల మీదుగా రెండో పిస్టన్ పోయేది. స్విచ్ ఉంది కదా అని వైడ్‌బ్యాండ్ వద్దనేవాళ్ళకి ఇప్పుడు ఈ జల్లెడ కథే చెప్తున్నాను.

తర్వాత మూడు పరుగులు. చక్రాల దగ్గర 114 హార్స్‌పవర్, బాటిల్ 940 పీఎస్ఐ, పెట్రోల్ ఒత్తిడి ఎక్కడా 2.9 కిందకి రాలేదు. ప్లగ్గులు విప్పి చూస్తే పింగాణీ శుభ్రంగా ఉంది, అల్యూమినియం చుక్క ఒక్కటీ లేదు.

ఆ తర్వాత రెండుసార్లు ట్రాక్‌కి వెళ్ళొచ్చాడు. వెళ్ళే ముందు బండి షెడ్డుకి వస్తుంది: పంపు దగ్గర వోల్టేజ్, గ్లాసులో 15 సెకన్ల పెట్రోల్, కాటా మీద బాటిల్, ఈ మూడూ కొత్తగా రాసుకుంటాను. మొన్న పంపు దగ్గర 13.5 ఉంది. కుర్రాడు ఇప్పుడు 75 షాట్ అడుగుతున్నాడు. కంపెనీ పిస్టన్ల మీద పెట్టనని చెప్పాను. ఫోర్జ్‌డ్ (గట్టిగా ఒత్తి చేసిన బలమైన) పిస్టన్లు వేయించుకుని, ఈ బండిని ఇంటివాళ్ళ ప్రయాణాలకి వాడటం మానేసి, ట్రాక్‌కే ఉంచుతానంటే అప్పుడు డిక్కీలో ఆ విడి ట్యాంకు గురించి మాట్లాడదాం అన్నాను. వాళ్ళ నాన్నగారికి ఈ మాట నచ్చింది.